ఒక్క యుద్ధ దినాన్ని గంట గంటకూ తిరిగి కట్టడం ఎలా: నాడ్‌జాబ్, 1943 సెప్టెంబర్ 5

పసిఫిక్ యుద్ధం రోజువారీ పట్టికలు చదివినవాళ్ళకు ఈ తరహా వాక్యాలు బాగా పరిచయం. ఫలానా తేదీన సి-47 రవాణా విమానాలు ఫలానా చోట పారాట్రూపర్లను, అంటే పారాచూట్లతో దూకే సైనికులను, దించాయి. బి-24, బి-25 బాంబర్లు పక్క ఊరి మీద బాంబులు వేశాయి. ఆస్ట్రేలియా విమానాలు ఫలానా దీవి మీద దాడి చేశాయి. మూడు లైన్లలో రోజు అయిపోతుంది, కింద మరుసటి తేదీ మొదలవుతుంది. అలా పేజీలు తిప్పుతూ పోతే యుద్ధమంతా బస్టాండులో రాసిపెట్టిన టైంటేబుల్‌లా కనిపిస్తుంది.

ఆ మూడు లైన్ల నుంచి పూర్తి రోజును తిరిగి కట్టుకోవడం ఎలాగో ఇక్కడ చెబుతాను. మీరు వికీ వ్యాసం రాస్తున్నా, వీడియోకి స్క్రిప్టు రాసుకుంటున్నా, కాలేజీ ప్రాజెక్టు చేస్తున్నా పద్ధతి ఒకటే. ఉదాహరణగా ఒకే రోజును చివరిదాకా పట్టుకుంటాను: 1943 సెప్టెంబర్ 5, ఆదివారం, ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న న్యూ గినీ ద్వీపంలోని నాడ్‌జాబ్.

నేను పాటించే నియమం ఒక్కటే. ఆకాశంలో జరిగిందని రాసి ఉన్న ప్రతి వాక్యం కింద, ఆ క్షణంలో నేల మీద ఎవరున్నారో వెతికి రాయాలి. దొరక్కపోతే ఆ చోటు ఖాళీగా వదలాలి, ఊహతో నింపకూడదు. విమానాల లెక్కలు సులభంగా దొరుకుతాయి. బురదలో నడిచినవాళ్ళ సంగతి వెతికితేనే దొరుకుతుంది. వాళ్ళు లేకుండా రాసిన రోజు సగం రోజే.

పొడవాటి నోటుబుక్కు ఒకటి తీసుకోండి. పేజీని నాలుగు గళ్ళుగా గీయండి: సమయం, ఆకాశం, నేల, ఎవరు చెప్పారు. ఆ నాలుగో గడి ఎందుకులే అనిపిస్తుంది. వదలొద్దు. నెల తర్వాత ఒక అంకె దగ్గర అనుమానం వస్తే దారి చూపేది అదే. ఎక్సెల్ షీటులో చేసినా తప్పు లేదు కానీ, చేత్తో గీసిన పేజీలో ఖాళీలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అందుకే నాకు నోటుబుక్కే నచ్చుతుంది.

1. రోజును ఎంచుకోండి

పెర్ల్ హార్బర్‌తోనో మిడ్‌వేతోనో మొదలుపెట్టకండి. వాటి మీద రాసినవి కుప్పలుగా ఉన్నాయి కాబట్టి, తెలియకుండానే ఇతరుల వాక్యాలను తిరగేసి రాసేస్తాం. గాలిలోనూ నేల మీదా ఒకేసారి పని జరిగిన రోజు, ఒకటికి మించిన దేశాల కాగితాలు దొరికే రోజు, ఎక్కువమంది పట్టించుకోని రోజు దొరికితే అది మంచి రోజు.

నాడ్‌జాబ్ సరిగ్గా అలాంటిది. మార్క్‌హామ్ నది లోయలో, లే పట్టణానికి దాదాపు 32 కిలోమీటర్ల ఎగువన, యుద్ధానికి ముందు వాడి వదిలేసిన చిన్న రన్‌వే అది. లే పేరు చాలామంది వినే ఉంటారు. 1937 జూలైలో అమెరికా మహిళా పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ చివరిసారిగా విమానం ఎక్కింది ఆ ఊరి నుంచే. 1942 మార్చిలో జపాన్ సేన లేను పట్టుకుంది. ఏడాదిన్నర తర్వాత దాన్ని తిరిగి తీసుకోవడానికి మిత్రరాజ్యాలు రెండు వైపుల నుంచి వచ్చాయి. సెప్టెంబర్ 4న ఆస్ట్రేలియా 9వ డివిజన్ లేకు తూర్పున సముద్ర తీరంలో దిగింది. మర్నాడు అమెరికా 503వ పారాచూట్ రెజిమెంట్ పడమర వైపు నాడ్‌జాబ్‌లో ఆకాశం నుంచి దిగింది. రన్‌వే చేతికి రాగానే ఆస్ట్రేలియా 7వ డివిజన్‌ను విమానాల్లో అక్కడికి చేరవేసి, లోయ వెంబడి లే మీదికి నడిపించాలన్నది పథకం.

2. ముందు గడియారాన్ని సరిచేసుకోండి

కొత్తగా రాసేవాళ్ళు అందరికంటే ఎక్కువగా పప్పులో కాలేసేది ఇక్కడే. పసిఫిక్ మధ్య నుంచి తేదీ రేఖ పోతుంది. పెర్ల్ హార్బర్ దాడి హవాయిలో డిసెంబర్ 7న జరిగితే, టోక్యో క్యాలెండర్‌లో అది డిసెంబర్ 8. ఒకే సంఘటనకు రెండు తేదీలు, రెండూ నిజమే.

నాడ్‌జాబ్ రోజుకు లెక్క ఇలా వేసుకోండి. న్యూ గినీ గ్రీనిచ్ కంటే 10 గంటలు ముందు. మొదటి పారాట్రూపర్ దూకిన సమయం అమెరికా సైన్యం చరిత్రలో ఉదయం 10:22. ఆ క్షణాన వాషింగ్టన్‌లో ఇంకా సెప్టెంబర్ 4, శనివారం రాత్రి 8:22. జపాన్ సేనలు ఎక్కడున్నా టోక్యో సమయమే వాడేవి కాబట్టి లేలో ఉన్న జపాన్ అధికారి చేతి గడియారంలో 9:22. యుద్ధకాలంలో మన దేశంలో గడియారాలను గంట ముందుకు జరిపారు, కనుక మనకు ఆదివారం ఉదయం 6:52.

నోటుబుక్కులో మొదటి గడిలో ఎప్పుడూ అక్కడి స్థానిక సమయమే రాయండి. మరో గడియారం ప్రకారం దొరికిన సమయాన్ని మార్చి రాసి, పక్కన అసలు అంకెను కూడా చిన్నగా ఉంచండి. జపాన్ నివేదికకూ ఆస్ట్రేలియా డైరీకీ సరిగ్గా గంట తేడా కనిపిస్తే కంగారు పడకండి. అది తప్పు కాకపోవచ్చు, ఇద్దరూ ఒకే విషయం చెబుతున్నారేమో చూడండి.

3. పటాన్ని చేత్తో గీయండి

శాటిలైట్ పటం చూడటం వేరు, చేత్తో గీయడం వేరు. ఒక కాగితం మీద హ్యువాన్ అఖాతం వంపు గీసి, ఆ వంపు మూలలో లే పెట్టండి. లే పక్కనే సముద్రంలో కలిసే మార్క్‌హామ్ నదిని వాయవ్యంగా లాగండి. నది మీద నాడ్‌జాబ్. దక్షిణం నుంచి వచ్చి మార్క్‌హామ్‌లో కలిసే వాటుట్ నది గీసి, దాని లోయలో సిలి సిలి అనే రన్‌వే పెట్టండి. లేకు దక్షిణంగా తీరం మీద సలమావా. ఇంకా కిందికి వచ్చి, ద్వీపం దక్షిణ తీరంలో పోర్ట్ మోర్స్‌బీ. ఈ రెండు తీరాల మధ్య ఓవెన్ స్టాన్లీ పర్వతాలు, వాటిలో 4,000 మీటర్లు దాటిన శిఖరం కూడా ఉంది. చివరగా ఈశాన్యంలో, సముద్రానికి అవతల న్యూ బ్రిటన్ దీవి, దాని కొసన రబౌల్. జపాన్ విమానాల పెద్ద స్థావరం అది.

గీయడం పూర్తయ్యేసరికి పట్టికలో లేని సంగతులు వాటంతట అవే తెలుస్తాయి. పోర్ట్ మోర్స్‌బీ నుంచి నాడ్‌జాబ్ దాదాపు 320 కిలోమీటర్లు, మధ్యలో కొండలు. పొడవాటి ప్రయాణం చేయలేని ఫైటర్ విమానాలు మోర్స్‌బీ నుంచి వచ్చి నాడ్‌జాబ్ మీద కాపలా కాసి వెనక్కి వెళ్ళాలంటే పెట్రోలు బొటాబొటీ. మరి సిలి సిలి ఎందుకు కట్టారో ఇప్పుడు అర్థమవుతుంది కదా? 1943 వేసవిలో జపాన్‌వాళ్ళ కంట పడకుండా, సామాను అంతా విమానాల్లోనే మోసుకొచ్చి, లేకు ఇంత దగ్గరలో ఆ రన్‌వేను సిద్ధం చేశారు.

పేర్ల దగ్గర ఒక జాగ్రత్త. ఇదే రన్‌వే కొన్ని కాగితాల్లో మరిలినాన్ పేరుతో ఉంటుంది. సిలి సిలి అంటే ఇంగ్లిష్‌లో వెర్రిబాగులతనం అన్నట్టు వినిపిస్తుందని ఐదో వైమానిక దళాధిపతి జార్జ్ కెన్నీకి ఆ పేరు నచ్చలేదు, పక్కనున్న మరిలినాన్ పేరు వాడాడు. తెలియనివాళ్ళు రెండు పేర్లు చూసి రెండు స్థావరాలని రాసేస్తారు. నోటుబుక్కు చివరి పేజీలో ఇలాంటి జంట పేర్ల జాబితా పెట్టుకోండి.

4. రోజు అంతకుముందే మొదలైందని గుర్తుపెట్టుకోండి

సెప్టెంబర్ 5న నాడ్‌జాబ్ మీద ఒక్క జపాన్ విమానం కూడా అడ్డు రాలేదు. పట్టికలో ఇది ఒక చిన్న ముక్క. కానీ ఎందుకు రాలేదని అడిగితే మూడు వారాలు వెనక్కి వెళ్ళాలి.

ఆగస్టు 17న కెన్నీ విమానాలు న్యూ గినీ ఉత్తర తీరంలోని వేవాక్ చుట్టూ ఉన్న జపాన్ రన్‌వేల మీద ఒక్కసారిగా పడ్డాయి. నేల మీద బారులు తీరి ఉన్న విమానాలను పెద్ద సంఖ్యలో తగలబెట్టాయి. ఆ దెబ్బ నుంచి అక్కడి జపాన్ సైనిక వైమానిక దళం త్వరగా కోలుకోలేదు. ఇక మిగిలింది రబౌల్ వైపు ముప్పు. దానికి కెన్నీ వాతావరణాన్ని నమ్ముకున్నాడు. న్యూ బ్రిటన్ పడమటి వైపు, మధ్య జలసంధుల మీద పొగమంచు ఉండి, మార్క్‌హామ్ లోయ మాత్రం తేటగా ఉండే రోజు కావాలి. అమెరికా వాతావరణ నిపుణులు ఒక తేదీ చెప్పారు, ఆస్ట్రేలియా నిపుణులు మరో తేదీ చెప్పారు. కెన్నీ రెండింటికీ మధ్యన ఉన్న రోజును ఖాయం చేశాడు. వేల మంది ప్రాణాలు ఆధారపడిన తేదీ అలా నిర్ణయమైందని చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ముందు రోజు సముద్రం వైపు సంగతి కూడా మీ పేజీలో ఉండాలి. 4న తీరంలో దిగిన ఆస్ట్రేలియా సైనికులకు నేల మీద పెద్దగా ప్రతిఘటన లేదు కానీ, గాలి నుంచి దెబ్బ తగిలింది. ఉదయం జపాన్ విమానాలు దళాలను మోసుకొచ్చిన ఒక చిన్న నౌక మీద బాంబు వేశాయి, ఒక బెటాలియన్ కమాండర్ అక్కడే చనిపోయాడు. మధ్యాహ్నం మరో దాడిలో రెండు పెద్ద ల్యాండింగ్ నౌకలు దెబ్బతిన్నాయి. అంటే 5వ తేదీ ఉదయం పారాట్రూపర్లు విమానం ఎక్కుతున్నప్పుడు, తూర్పున వాళ్ళ మిత్రులు అప్పటికే చనిపోయినవాళ్ళను పూడుస్తూ ముందుకు నడుస్తున్నారు.

ఇంకో వెనకటి నీడ ఇటలీ దగ్గరి సిసిలీ దీవిది. అదే ఏడాది జూలైలో అక్కడ పారాట్రూపర్లతో వస్తున్న అమెరికా రవాణా విమానాలను శత్రువులవి అనుకుని సొంత నౌకలు, సొంత ఫిరంగులే కాల్చాయి. ఒక్క రాత్రిలో 23 విమానాలు పోయాయి. పారాచూట్ దళాలు అసలు పనికొస్తాయా అని వాషింగ్టన్‌లో ప్రశ్న లేచింది. నాడ్‌జాబ్ మీద అంత టెన్షన్ ఎందుకుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

5. ఇప్పుడు గంటలు పేర్చండి

ఇది అసలు పని. ముందు రాయవలసింది గడియారంతో సహా దొరికిన వాస్తవాలను మాత్రమే. మధ్యలో ఖాళీలు ఉంటే ఉండనివ్వండి.

తెల్లవారుజామున పోర్ట్ మోర్స్‌బీ మీద పొగమంచు, వాన. మబ్బు విడిచేదాకా ఆగారు. 8:25కు మొదటి సి-47 రన్‌వే వదిలింది. పావుగంటలో రవాణా విమానాలన్నీ గాలిలో ఉన్నాయి. కొండలు దాటి వాటుట్ లోయ మీద, సిలి సిలి దగ్గర మిగతా విమానాలు కలిశాయి. మొత్తం 302 విమానాలు, ఎనిమిది రన్‌వేల నుంచి బయలుదేరినవి, అనుకున్న నిమిషానికి ఒకచోట చేరాయి. ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగండి.  మబ్బుల్లో, కొండ సందుల్లోంచి వచ్చారు.

వాటి వరసను బొమ్మగా గీసుకోండి. అందరికంటే ముందు ఆరు స్క్వాడ్రన్ల బి-25లు. ఒక్కోదాని ముక్కులో ఎనిమిది భారీ మెషిన్‌గన్లు, పొట్టలో అరవై చిన్న బాంబులు. అవి లోయను దున్నుకుంటూ పోయాయి. వెనకాలే ఆరు ఎ-20 దాడి విమానాలు తక్కువ ఎత్తులో వచ్చి, దూకే చోట్ల అంచుల వెంబడి పొగ తెర వేశాయి. ఆ తెర పక్కన మూడు బారులుగా సి-47లు. పైన దాదాపు వంద ఫైటర్లు వేర్వేరు ఎత్తుల్లో కాపలా. అదే సమయంలో బి-24ల గుంపు నాడ్‌జాబ్‌కూ లేకూ మధ్య ఉన్న హీత్ తోట మీద బాంబులు వేసింది. లే నుంచి జపాన్ సేన కదిలి రాకుండా అడ్డుకట్ట అది. ఇంకా ఎత్తున బి-17 బాంబర్లలో పెద్ద అధికారులు. ఆ ప్రాంతపు మిత్రరాజ్యాల సేనాధిపతి జనరల్ డగ్లస్ మెకార్థర్ ఒకదానిలో ఉన్నాడు. దారిలో దాని ఇంజన్ ఒకటి ఆగిపోయినా వెనక్కి తిప్పనివ్వలేదు.

10:22. లెఫ్టినెంట్ కల్నల్ జాన్ టాల్సన్ ముందు దూకాడు. నాలుగున్నర నిమిషాల్లో రెజిమెంటు మొత్తం, సుమారు 1,700 మంది, గాలిలోకి వచ్చేశారు. ఒక్కడు మాత్రం స్పృహ తప్పి విమానంలోనే ఉండిపోయాడు.

మధ్యాహ్నం మూడు దాటాక మరో జట్టు దూకింది. చాలా పట్టికల్లో వీళ్ళ ఊసే ఉండదు, అందుకే వీళ్ళకు ఒక పూర్తి పేజీ కేటాయించమంటాను. ఆస్ట్రేలియా 2/4వ ఫీల్డ్ రెజిమెంటుకు చెందిన ముప్పైకి పైగా ఫిరంగి సైనికులు వాళ్ళు. పారాట్రూపర్లు కారు. స్వచ్ఛందంగా ముందుకొచ్చి, కొద్దిరోజుల శిక్షణ తీసుకుని, ఆగస్టు చివర ప్రాక్టీసుకని దూకారు, అంతే. వాళ్ళతో పాటు అడవి యుద్ధం కోసం ఆస్ట్రేలియాలోనే పొట్టిగా తయారుచేసిన, 25 పౌండ్ల గుండ్లు పేల్చే రెండు ఫిరంగులను విడి భాగాలుగా విప్పి పారాచూట్లతో పడేశారు. యుద్ధంలో ఆస్ట్రేలియన్లు పారాచూట్లతో దూకింది అదే మొదటిసారి. దిగాక మొదటి పని శత్రువు కోసం వెతకడం కాదు, గడ్డిలో పడిన ఫిరంగి ముక్కల కోసం వెతకడం.

ఇక సాయంత్రం. పట్టికలో పూర్తిగా ఖాళీ. కానీ నేల గడిలో రాయడానికి చాలా ఉంది.

6. విమానం కింద మనిషిని నిలబెట్టండి

10:22 దగ్గరకు మళ్ళీ వెళ్దాం. 400 నుంచి 500 అడుగుల ఎత్తు నుంచి దూకారు. ఆ ఎత్తు నుంచి పారాచూట్‌తో నేలకు దిగడానికి అర నిమిషం కూడా పట్టదు. అంటే దిగుతున్నవాడికి చుట్టూ చూసుకునే తీరిక లేదు. కింద పచ్చగా, చదునుగా కనిపించింది కునాయ్ గడ్డి. మన దర్భకు దగ్గరి చుట్టం, కానీ ఇక్కడ మనిషి ఎత్తును దాటి పెరుగుతుంది, అంచులు చర్మాన్ని కోస్తాయి. కాళ్ళు నేలను తాకగానే ఆకాశం తప్ప మరేమీ కనిపించదు. పక్కనే పది గజాల్లో దిగిన తోటి సైనికుడు కనిపించడు. లోపల గాలి ఆడదు, ఎండ నడినెత్తికి వస్తోంది, వీపున బరువు. ఒక బెటాలియన్ రన్‌వేను పట్టుకోవాలి, మిగతా రెండూ ఉత్తరం, తూర్పు దారులను మూసేయాలి. పైనుంచి చూస్తే నాలుగున్నర నిమిషాల పని. గడ్డిలో అదే పని గంటలకొద్దీ సాగింది.

ఇద్దరు పారాచూట్లు తెరుచుకోక చనిపోయారు. మూడో అతను చెట్టు మీద దిగి, అక్కడి నుంచి 60 అడుగులు కింద పడి చనిపోయాడు. 33 మందికి గాయాలు. తూటా ఒక్కటి కూడా తగలకుండానే ఇంత నష్టం. "ప్రతిఘటన లేదు" అని పట్టికలో చూసినప్పుడు, ఎవరికీ ఏమీ కాలేదని రాయకండి. ఆ రెండూ వేర్వేరు మాటలు.

ఇప్పుడు మార్క్‌హామ్ దక్షిణపు గట్టుకు రండి. పారాచూట్లు తెరుచుకుంటున్నప్పుడు అక్కడ ఆస్ట్రేలియా 2/2వ పయనీర్ బెటాలియన్, 2/6వ ఫీల్డ్ కంపెనీ ఇంజనీర్లు, పాపువన్ పదాతి దళం సైనికులు ఉన్నారు. సిలి సిలి నుంచి రోజుల తరబడి నడిచి, కొందరు మడత పడవల్లో వాటుట్ ప్రవాహం మీదుగా వచ్చినవాళ్ళు. వాళ్ళతో సామాను మోస్తూ వందల మంది స్థానిక కూలీలు. పడవలతో నది మీద దారి కట్టి దాటి, ఆ సాయంత్రానికే పారాట్రూపర్లను కలిశారు. వాళ్ళ దగ్గర పారలు, కత్తులు ఉన్నాయి. విమానాలు దిగాలంటే కావలసింది అవే. ఆ కూలీల పేర్లు రికార్డుల్లో వెతకండి. దొరక్కపోతే, వాళ్ళ సంఖ్యనూ మోసిన బరువునూ అయినా రాయండి. అసలు వాళ్ళు లేనట్టు రాయడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

7. కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

అమెరికా సైన్యం, ఆస్ట్రేలియా ప్రభుత్వం ప్రచురించిన అధికారిక చరిత్రలు ఉచితంగా ఇంటర్నెట్‌లో ఉన్నాయి. వాటితో మొదలుపెట్టి, వాటి దగ్గరే ఆగిపోకండి. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ తన దేశపు పటాలాల యుద్ధ డైరీలను స్కాన్ చేసి పెట్టింది. ఒక్కో పేజీలో స్థలం, తేదీ, గంట, జరిగిన సంగతి అని గళ్ళు ఉంటాయి. అలసిపోయిన ఒక అధికారి ఎప్పుడో రాత్రిపూట రాసిన పొడి పొడి మాటలు. వాన పడిందని, ఉత్తరాలు రాలేదని, ఫలానా మలుపు దగ్గర ఒకడు జ్వరంతో పడిపోయాడని ఉంటుంది. మీకు కావలసిన బంగారం అదే.

ఆస్ట్రేలియా పాత పత్రికలకు ఆ దేశ జాతీయ గ్రంథాలయం నడిపే ట్రోవ్ వెబ్‌సైట్ ఉంది. జపాన్ వైపు కాగితాలకు ఆ ప్రభుత్వ డిజిటల్ భాండాగారం జాకార్ ఉంది. జపనీస్ రాకపోయినా అనువాద యంత్రంతో తేదీలు, స్థలాల పేర్లు పట్టుకోవచ్చు, కానీ అలా దొరికిన ఒక్క వాక్యం మీద ఆధారపడి పెద్ద నిర్ణయానికి రావద్దు.

8. అంకెలు కొట్లాడుకున్నప్పుడు

ఆ రోజు సి-47లు ఎన్ని? ఒకచోట 79 అని ఉంటుంది. ఇంకోచోట 81. వైమానిక దళం రోజువారీ పట్టికలో 80కి పైగా. కెన్నీ లెక్కలో 96. ఇలాంటప్పుడు చాలామంది తమకు నచ్చిన అంకెను ఎత్తి రాస్తారు, లేదా పెద్దదాన్ని రాస్తారు. అలా చేయకండి. ప్రతి అంకె పక్కన దాన్ని చెప్పినవాళ్ళు ఏం లెక్కపెడుతున్నారో రాయండి: బయలుదేరినవా, పారాట్రూపర్లు ఉన్నవా, సామానువి, ఫిరంగివి కూడా కలిపా? తేడాకు కారణం చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. బయటపడకపోతే రెండు అంకెలూ రాసి పాఠకుడికే వదిలేయండి.

శత్రువు నష్టాల లెక్కల దగ్గర ఇంకా గట్టిగా ఉండాలి. అదే ఏడాది మార్చిలో రబౌల్ నుంచి లేకు సైన్యాన్ని తెస్తున్న జపాన్ నౌకల బారును బిస్మార్క్ సముద్రంలో మిత్రరాజ్యాల విమానాలు ముంచేశాయి. మెకార్థర్ కార్యాలయం 22 నౌకలు మునిగాయని ప్రకటించింది. నిజానికి మునిగినవి ఎనిమిది రవాణా నౌకలు, నాలుగు డిస్ట్రాయర్లు. విజయం నిజం, అంకె అబద్ధం. ఆ ప్రకటన పత్రికల్లో అచ్చయింది కాబట్టి ఇప్పటికీ ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉంటుంది. ఒక వైపు నష్టాన్ని ఆ వైపు కాగితాలతోనే సరిచూడాలి.

9. అర్ధరాత్రి దగ్గర ఆపకండి

6వ తేదీకే నాడ్‌జాబ్‌లో మొదటి రవాణా విమానాలు దిగాయి. గడ్డి కోసి, కాల్చి, గుంటలు పూడ్చి రాత్రికి రాత్రి చేసిన పని ఫలితం అది. వాతావరణం అడ్డుపడటంతో 7వ డివిజన్ పదాతి దళం రావడానికి ఇంకో రోజు పట్టింది.

ఆ 7వ తేదీ తెల్లవారకముందే పోర్ట్ మోర్స్‌బీలో ఘోరం జరిగింది. నాడ్‌జాబ్ వైపు వెళ్ళడానికి 2/33వ బెటాలియన్ సైనికులు రన్‌వే చివరన లారీల్లో కూర్చుని ఎదురుచూస్తున్నారు. బాంబులతో, పెట్రోలుతో నిండిన ఒక బి-24 చీకట్లో లేవబోయి, చెట్టు కొమ్మను తాకి ఆ లారీల మీద పడింది. అరవై మందికి పైగా ఆస్ట్రేలియా సైనికులు, విమానంలోని 11 మంది చనిపోయారు. నాడ్‌జాబ్‌లో దూకినప్పుడు పోయినవాళ్ళు ముగ్గురు. నాడ్‌జాబ్‌కు చేరకముందే పోయినవాళ్ళు డెబ్బై మందికి పైగా. సెన్సార్ వల్ల ఆ వార్త అప్పట్లో బయటకు రాలేదు, కనుక ఆనాటి పత్రికలు మాత్రమే చూసి రాసేవాళ్ళకు ఇది దొరకదు. బెటాలియన్ డైరీ తెరిస్తేనే దొరుకుతుంది. ఇదే కారణంతో, మీరు ఎంచుకున్న రోజుకు ముందు మూడు రోజులు, తర్వాత మూడు రోజులు తప్పకుండా చదవాలంటాను.

సెప్టెంబర్ 16న ఆస్ట్రేలియా దళాలు లేలోకి ప్రవేశించాయి. అప్పటికి జపాన్ 51వ డివిజన్‌లో మిగిలినవాళ్ళు ఉత్తరాన సరువాగెడ్ పర్వతాల్లోకి వెళ్ళిపోయారు. 4,000 మీటర్ల ఎత్తున, చలి బట్టలు లేకుండా, తిండి లేకుండా దాటాల్సి వచ్చింది. ఆకలితో, చలితో, లోయల్లో పడి ఎంతోమంది దారిలోనే చనిపోయారు. వాళ్ళ గడి కూడా మీ పేజీలో ఉండాలి.

10. సమాధుల జాబితా చదవండి

ఇది చాలామంది చేయని పని. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో స్మశానం పేరుతో, తేదీతో వెతకవచ్చు. లే యుద్ధ స్మశానం అని కొట్టండి. 2,800 మందికి పైగా అక్కడ ఉన్నారు. పోర్ట్ మోర్స్‌బీ దగ్గరి బొమానా యుద్ధ స్మశానం పేరుతో వెతికితే, 1943 సెప్టెంబర్ 7 తేదీతో 2/33వ బెటాలియన్ పేర్లు వరసగా వస్తాయి, వయసులతో సహా.

లే జాబితాలో భారత సైన్యం కూడా కనిపిస్తుంది. మలయాలో, హాంకాంగ్‌లో జపాన్‌కు చిక్కిన మన సైనికులను న్యూ గినీకి తీసుకొచ్చి కూలి పని చేయించారు. పేరు తెలియని సమాధుల్లో ఎక్కువ భాగం వేవాక్, బుట్ రన్‌వే మధ్య దొరికిన శవాలవి. వేవాక్ అంటే గుర్తుందా, ఆగస్టు 17న కెన్నీ బాంబర్లు వెళ్ళిన చోటు. నాలుగో మెట్టులో ఆ దాడిని రాసినప్పుడు నేల గడిలో జపాన్ విమానాలు, సిబ్బంది మాత్రమే రాసి ఉంటే, ఇప్పుడు వెనక్కి వెళ్ళి పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టండి: ఆ రోజు ఆ బాంబుల కింద ఖైదీలు ఎవరైనా ఉన్నారా? జవాబు దొరికేదాకా ఆ గుర్తు చెరపొద్దు.

పద్ధతి చేతికి వచ్చాక మన తీరం మీదే ఒక రోజు పట్టుకోండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. పట్టికల్లో ఇది కూడా ఒకే లైను. విశాఖలోనో కాకినాడలోనో ఉంటే, ఇంట్లో పెద్దవాళ్ళను ముందుగా మూడు ప్రశ్నలు అడగండి. వాళ్ళ అమ్మానాన్నలు సైరన్ విన్నామని చెప్పారా, పగలని చెప్పారా రాత్రని చెప్పారా, ఊరు వదిలి ఏ పల్లెకు వెళ్ళారు. విన్నది విన్నట్టు నేల గడిలో రాసి, నాలుగో గడిలో చెప్పినవారి వరస రాసుకోండి: అమ్మమ్మ, ఆమెకు వాళ్ళ అక్క చెప్పగా.